పాకాలకు తూర్పున, పుత్తూరుకు పడమరన: ఒక సాయంకాలపు వెలుగుపై విచారణ

ఈ కేసు ఒక మార్చి నెల సాయంత్రానికి సంబంధించినది. తిరుపతి–చిత్తూరు రహదారికి అటూ ఇటూ ఉన్న పల్లెలవారు కొందరు, పొద్దు గూకే వేళ ఆకాశంలో బాగా ప్రకాశవంతమైన తెల్లని వెలుగు ఒకటి కనిపించిందని, అది కాసేపు కదలకుండా నిలిచిందని, తర్వాత వెనక్కు తిరిగిందని, చివరకు ఎర్రబడి ఆరిపోయిందని చెప్పారు. మరునాటికి ఫోన్లలో తిరిగిన సందేశాల్లో అది తిరుమల కొండ చుట్టూ తిరిగిన డ్రోన్‌గా మారింది. కొండ మీద డ్రోన్ అన్న మాటను తిరుపతిలో ఎవరూ తేలికగా తీసుకోరు. అందువల్ల నాకు పరిచయమున్న పోలీసు అధికారి ఒకరు ఆ వీడియోలు పంపి, అనధికారికంగా నా అభిప్రాయం అడిగారు.

నేను వాయుసేన రాడార్ విభాగంలో పనిచేసి, పదవీ విరమణ తర్వాత తిరుపతిలో స్థిరపడినవాణ్ని. ఇక్కడ రాస్తున్నది ప్రభుత్వ విచారణ నివేదిక కాదు. సాక్షులకు ఇబ్బంది కలగకూడదని సంవత్సరాన్ని, ఊళ్ల పేర్లను వదిలి, దగ్గరి పట్టణాల పేర్లు మాత్రమే ఇస్తున్నాను. విచారణ పద్ధతిని మాత్రం, గత ముప్పావు శతాబ్దంలో వివిధ దేశాల సైన్యాలు గుర్తు తెలియని ఎగిరే వస్తువుల (యూఎఫ్‌ఓ) నివేదికల మీద చేసిన పని నుంచి ఏరుకున్నాను. ఆ ఫైళ్లు చదివినకొద్దీ నాకు బలపడిన అభిప్రాయం ఒకటుంది. ఆకాశంలో కనిపించిన దానికి జవాబు చాలాసార్లు అప్పటికే మరో కార్యాలయపు లాగ్ బుక్కులో రాసి ఉంటుంది. చూసినవాడి చేతికి ఆ పుస్తకం అందదు, ఆ పుస్తకం రాసినవాడికి చూసినవాడి మాట చేరదు. విచారణ అంటే ప్రధానంగా ఆ రెంటినీ ఒకచోట చేర్చే పని.

సాక్షిని అడిగిన తీరు

1953లో అమెరికా వాయుసేన 200-2 అనే సంఖ్యతో ఒక నిబంధన జారీ చేసింది. గుర్తు తెలియని వస్తువును చూసినట్లు నివేదిక వస్తే అందులో ఏమేమి ఉండాలో అది వరుసగా చెబుతుంది: ఆకారం, పరిమాణం, రంగు, ఎన్ని వస్తువులు, మొదట ఏ దిక్కున ఎంత ఎత్తులో కనిపించింది, చివర ఎక్కడ మాయమైంది, ఎంతసేపు ఉంది, అప్పటి వాతావరణం ఏమిటి, పై ఎత్తుల్లో గాలి ఎటు వీచింది, దగ్గరలో ఏ విమానాలున్నాయి. సమాచారాన్ని ప్రజలకు చేరనివ్వకుండా కట్టడి చేసిందని ఆ నిబంధన మీద విమర్శ ఉంది, అది న్యాయమైన విమర్శే. అయినా ప్రశ్నల పట్టిక విషయంలో మాత్రం అది రాసినవారికి పని తెలుసు. ముఖ్యంగా పైగాలుల ప్రస్తావన. వెలుగును చూసినవాడికి గాలి సంగతి తట్టదు, అడిగేవాడికి తట్టాలి. ఈ కేసు తేలింది ఆ ఒక్క ప్రశ్న వల్లనే.

వాట్సాప్‌లో వచ్చిన వీడియోలను నేను సాక్ష్యంగా తీసుకోలేదు. పంపించే క్రమంలో ఫైలు కుదించబడి, తీసిన సమయం చెరిగిపోతుంది. పైగా పాత వీడియోలు కొత్త కబురుతో కలిసి తిరుగుతాయి. తీసినవారి ఫోన్‌లోనే ఉన్న అసలు ఫైలును చూపించమని అడిగాను. అలా సమయం నిర్ధారణ అయిన వీడియో ఒకటే దొరికింది. చంద్రగిరి వైపు నుంచి తీసిన ఆ వీడియో సాయంత్రం 6:31కి మొదలవుతుంది. అందులో కనిపించేది తెల్లని చుక్క మాత్రమే. జూమ్ చేసినప్పుడు అది పళ్లెంలా విచ్చుకుని అంచులు వణికినట్లు కనిపిస్తుంది. కెమెరా ఫోకస్ తప్పితే ఏ కాంతి బిందువైనా అలాగే కనిపిస్తుంది కాబట్టి ఆకారం గురించి ఆ వీడియో చెప్పేదేమీ లేదు. చుక్క పక్కనే ఫ్రేములో ఒక సెల్ టవర్ ఉండడం మాత్రం నాకు వరమైంది.

సాక్షి దగ్గరకు వెళ్లినప్పుడు ‘ఏం చూశారు?’ అని మొదలుపెట్టను. ఆ సాయంత్రం ఎక్కడ నిలబడ్డారో అక్కడే నిలబడి, ఏ వైపు చూశారో చేయి చాపి చూపించమంటాను. దిక్సూచితో ఆ దిక్కు రాసుకుంటాను. చేయి పూర్తిగా చాచి పిడికిలి పట్టుకుంటే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు; దిగంతం నుంచి ఎన్ని పిడికిళ్ల ఎత్తులో ఉందో లెక్కపెట్టిస్తాను. జనం మాటల్లో ఎత్తు ఎప్పుడూ పెరిగే ఉంటుంది. సగం ఆకాశం ఎక్కినదాన్ని కూడా నడినెత్తిన ఉందంటారు. నోటితో చెప్పిన ఎత్తుకన్నా చేత్తో చూపిన ఎత్తు నమ్మదగినది. అది ఏమై ఉంటుందని వారనుకుంటున్నారో చివరన అడుగుతాను, ఎందుకంటే వస్తువుకు ఒకసారి పేరు పడ్డాక జ్ఞాపకం ఆ పేరుకు తగ్గట్టు సర్దుకుంటుంది. డ్రోన్ అన్నవారికి రెక్కల చప్పుడు కూడా వినిపించడం మొదలవుతుంది.

ముగ్గురి మాట, మూడు దిక్కులు

చాలామంది మాట్లాడారు గాని దిక్కు, ఎత్తు, సమయం మూడూ ఇవ్వగలిగినవారు ముగ్గురే.

మొదటివారు పాకాల దగ్గరి పాడి రైతు. ఆయన చూపించింది దాదాపు నేరుగా తూర్పు, రెండున్నర మూడు పిడికిళ్ల ఎత్తు. “పాలు పిండేటప్పుడు చూసినా సార్. ఆడనే నిలబడుకోనుండె, రోంత కూడా కదల్లేదు. రోంచేపటికి ఎర్రంగా అయి ఆరిపోయె” అన్నారు. సమయం ఎలా తెలుసంటే, పాల వ్యాను వచ్చే వేళ తెలుసన్నారు.

రెండోవారు చంద్రగిరి వైపు ఉండే విశ్రాంత ఉపాధ్యాయుడు. వీడియో ఆయన మనవడు తీసినదే. ఆయన చూపించింది ఆగ్నేయం, నాలుగు పిడికిళ్లకు పైగా ఎత్తు. వెలుగు మొదట ఎడమవైపుకు, అంటే తూర్పుకు నెమ్మదిగా జరుగుతూ ఉండిందని, సెల్ టవర్ దాటాక ఆగిందని, తర్వాత కుడివైపుకు తిరిగి టవర్‌ను మళ్లీ దాటి దాదాపు పిడికెడు దూరం వచ్చాక ఎర్రబడి మాయమైందని చెప్పారు. ఆగడం, తిరగడం, ఇవే ఆయనను కలవరపెట్టాయి. బెలూన్ అయితే గాలివాటానికి ఒకే వైపు పోవాలి గదా అన్నది ఆయన వాదన.

మూడోవారు పుత్తూరు ప్రాంతంలో మరమగ్గం మీద పనిచేసే యువకుడు. మేడ మీద నుంచి చూశాడు. ఆయన చూపించింది పడమర, అయిదు పిడికిళ్లకు మించిన ఎత్తు. “పడమట నుంచి పైపైకి లేసి వచ్చె సార్. మళ్లా వెనక్కి పోయి, కిందికి దిగి, ఎనిమిదిన్నర దాకా ఆడనే ఉండె.”

పోలీసు అధికారి మనసులో పడిన అనుమానం ఇక్కడిదే. పాకాలవారికి తూర్పున, పుత్తూరువారికి పడమరన, ఒకే సమయంలో. ఒకరు కదల్లేదంటున్నారు, ఒకరు పైకి లేచిందంటున్నారు, ఇంకొకరు వెనక్కు తిరిగిందంటున్నారు. కాబట్టి కనీసం రెండు వస్తువులు ఉండాలి, అవి ఎవరో నడుపుతున్నవి అయి ఉండాలి. పటం తెరవనంతవరకు ఇది బలమైన వాదనే.

పటం మీద పాకాల పడమర కొసన, పుత్తూరు తూర్పు కొసన ఉంటాయి. చంద్రగిరి వాటికి నడుమ ఉత్తరంగా ఉంటుంది. పాకాల నుంచి తూర్పుకు, పుత్తూరు నుంచి పడమరకు, చంద్రగిరి నుంచి ఆగ్నేయానికి గీతలు గీస్తే మూడూ పుత్తూరుకు పది పన్నెండు కిలోమీటర్లు పడమరగా ఒకచోట కలుస్తాయి. సాక్షులు ఒకరినొకరు ఖండించడం లేదు, ఒకే వస్తువును ఎదురెదురుగా నిలబడి చూస్తున్నారు. ఆ బిందువు నుంచి ముగ్గురి దూరాలు కొలిచి, వారు చూపిన కోణాలతో త్రికోణమితి లెక్క వేస్తే వస్తువు ఎత్తు 17 నుంచి 20 కిలోమీటర్ల మధ్య వచ్చింది. ప్రయాణికుల విమానాలు ఎగిరేది 10, 12 కిలోమీటర్లలో. మార్కెట్లో దొరికే డ్రోన్ సంగతి చెప్పనక్కరలేదు. అక్కడితో తిరుమల కొండకు, ఈ వెలుగుకు సంబంధం తెగిపోయింది; ఆ మాట ఆ రాత్రే అధికారికి చెప్పాను. ఏది కాదో తేలింది గాని, ఏదో ఇంకా తేలలేదు.

శుక్రుడు అనే తొందరపాటు జవాబు

ఆ రోజుల్లో శుక్రుడు సాయంత్రం పడమటి ఆకాశంలో వెలుగుతున్నాడు. యూఎఫ్‌ఓ ఫైళ్లు చదివిన ఎవరికైనా మొదట నోటికొచ్చే జవాబు అదే. దానికి కారణం కూడా ఉంది. మన దేశంలోనే 2012 ఆగస్టు నుంచి 2013 ఫిబ్రవరి వరకు లడఖ్‌లో పాంగాంగ్ సరస్సు ప్రాంతంలోని మన సైనికులు గుర్తు తెలియని వెలుగులను 329 సార్లు నమోదు చేశారు. చైనా గూఢచారి డ్రోన్లని అనుమానం. సైన్యం అక్కడికి రాడార్‌ను, రేడియో సంకేతాలను పసిగట్టే స్పెక్ట్రమ్ అనలైజర్‌ను తరలించింది. కంటికి కనిపిస్తున్నది రాడార్‌కు చిక్కలేదు, సంకేతాలేవీ వెలువడలేదు. చివరకు బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ శాస్త్రవేత్తలను పిలిచారు. వారు దిక్కు, ఎత్తు, సమయాలను గ్రహస్థితులతో పోల్చి, ఒకటి గురుడు, రెండోది శుక్రుడు అని తేల్చారు. 2012 డిసెంబరు మొదటి వారంలో గురుడు సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వచ్చి రాత్రంతా ఆకాశంలో ఉన్నాడు. శుక్రుడు ఆ ఆగస్టు నాటికే తెల్లవారుజామున తూర్పున వెలుగుతూ ఉన్నాడు. లడఖ్ గాలి పలుచన, నిర్మలం. అక్కడ గ్రహం మనకు కనిపించే దానికన్నా దగ్గరగా, పదునుగా కనిపిస్తుంది.

ఆ సైనికులను ఎగతాళి చేస్తూ అప్పట్లో చాలా రాశారు. నేను చేయను. సరిహద్దులో నిలబడినవాడు చూసిన ప్రతిదాన్నీ రాయాలి, రాశాడు. ఆ రాతలు క్రమంగా ఉండబట్టే గ్రహాలతో పోల్చడం సాధ్యమైంది. పంచాంగం చూడగలిగినవారి దగ్గరకు ఆ కాగితం చేరడానికి పట్టిన కాలమే అక్కడి అసలు సమస్య.

అయితే అన్నింటికీ శుక్రుడే అనడం కూడా ప్రమాదమే. 1948 జనవరి 7న అమెరికాలోని కెంటకీలో థామస్ మాంటెల్ అనే పైలట్, ఆకాశంలో కనిపించిన మెరిసే వస్తువును ఎఫ్-51 విమానంలో వెంబడించాడు. విమానంలో ఆక్సిజన్ లేదు. 20,000 అడుగులు దాటి ఎక్కాడు, స్పృహ తప్పింది, విమానం కూలి చనిపోయాడు. వాయుసేన మొదట ఆయన శుక్రుణ్ని వెంబడించాడంది. పట్టపగలు, అంతమంది చూసిన వస్తువుకు ఆ వివరణ సరిపోలేదు. తర్వాత అంగీకారం పొందిన వివరణ స్కైహుక్ బెలూన్. అది అమెరికా నౌకాదళం రహస్యంగా ఎగరేస్తున్న భారీ పాలిథీన్ బెలూన్. వెంబడించినవాడు వాయుసేన మనిషి, బెలూన్ నౌకాదళానిది. ఒకే దేశపు రెండు సేనల లాగ్ బుక్కులు కలవకపోవడం ఒక మనిషి ప్రాణం తీసిందని నేననుకుంటాను.

1966 మార్చిలో మిషిగన్‌లో ఇంకో రకం తొందరపాటు జరిగింది. అమెరికా వాయుసేన యూఎఫ్‌ఓ విచారణ విభాగమైన ప్రాజెక్ట్ బ్లూ బుక్‌కు సలహాదారుగా ఉన్న ఖగోళ శాస్త్రవేత్త జె. అలెన్ హైనెక్, అక్కడి వెలుగులకు చిత్తడి నేలల్లో పుట్టే వాయువు కారణం కావచ్చని పత్రికలవారి ముందు చెప్పారు. జనం తమను వెర్రివాళ్లను చేశారనుకున్నారు. గొడవ అమెరికా కాంగ్రెస్ దాకా పోయి, చివరకు కొలరాడో విశ్వవిద్యాలయంలో యూఎఫ్‌ఓ నివేదికలను పరిశీలించే కాండన్ కమిటీ ఏర్పడడానికి దారితీసిన కారణాల్లో ఒకటయింది. వివరణ తప్పో ఒప్పో తర్వాతి మాట. సాక్షి చూపిన దిక్కుకు, సమయానికి, కదలికకు వివరణను ఒక్కొక్కటిగా జతచేసి చూపించకపోతే, అది ఎంత శాస్త్రీయమైనదైనా జనానికి దాటవేతలాగే వినిపిస్తుంది.

మా కేసులో శుక్రుడు పాకాల రైతుకు తూర్పున కనిపించడు. చంద్రగిరిలో సెల్ టవర్‌ను దాటి వెనక్కు రాడు. కానీ పుత్తూరు యువకుడి మాటలో రెండో సగం, అంటే కిందికి దిగి ఎనిమిదిన్నర దాకా నిలబడింది, శుక్రుడికి సరిగ్గా సరిపోతుంది. కొద్ది రోజుల తర్వాత మబ్బు లేని సాయంత్రం ఆయనతో కలిసి అదే మేడ ఎక్కాను. శుక్రుణ్ని చూపించగానే, “ఇదీ ఉండె సార్. కానీ పైకి లేసి వచ్చింది ఇది కాదు” అన్నాడు. రెండు ముక్కలూ ఒకే వస్తువని ఆయనకు తోచడానికి కారణముంది: మొదటిది ఆరిపోయిన చోటికి కిందుగా, అదే పడమటి వైపున, చీకటి పడుతున్నకొద్దీ శుక్రుడు ప్రస్ఫుటమయ్యాడు. చూపు ఒకదాని నుంచి రెండోదానికి జారింది.

ఎవరి లాగ్ బుక్కు?

ఇక మిగిలింది 17–20 కిలోమీటర్ల ఎత్తున ఉన్న వస్తువు. తిరుపతి జిల్లావాళ్లకు ఆకాశంలో ఏది కనిపించినా మొదట శ్రీహరికోట గుర్తొస్తుంది. సంధ్యవేళ ప్రయోగిస్తే రాకెట్ వెనుక వాయువులు ఇంకా ఎండ తగిలే ఎత్తులో పరుచుకుని వింత రంగుల్లో మెరుస్తాయి. 2022 డిసెంబరు 15 సాయంత్రం అగ్ని-5 క్షిపణి పరీక్ష జరిగినప్పుడు ఒడిశా, పశ్చిమ బెంగాల్ తదితర ప్రాంతాల్లో జనం ఆకాశంలో వింత కాంతిని చూసి హడలిపోయారు. కానీ మా సాయంత్రం శ్రీహరికోట నుంచి ప్రయోగమేదీ లేదు. ఉన్నా అది అన్ని నిమిషాలు ఒకచోట నిలవదు. కృత్రిమ ఉపగ్రహాలు, వరుసకట్టి పోయే స్టార్‌లింక్ ఉపగ్రహాలు కూడా ఆగి వెనక్కు తిరగవు.

అసలు జవాబు పాకాలకు దగ్గరలోనే ఉంది. తిరుపతి–చిత్తూరు దారిలో గాదంకి వద్ద జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. 1,024 యాంటెన్నాలు పరిచిన ఎమ్‌ఎస్‌టీ రాడార్ అక్కడిదే. ఈ రాడార్ ఉన్నందుకే చుట్టుపక్కల పుకార్లు కూడా ఎక్కువ. నిజానికి అది 53 మెగాహెర్ట్జ్ తరంగాలతో పైగాలుల కదలికలను కొలిచే పరికరం, విమానాలను పట్టుకునేది కాదు. అదే ప్రాంగణం నుంచి సాయంత్రం 5:30 ప్రాంతంలో రేడియోసోండ్ అనే కొలత పరికరం కట్టిన రబ్బరు బెలూన్‌ను వదులుతారు. ప్రపంచమంతటా వాతావరణ కేంద్రాలు రెండు నిర్ణీత వేళల్లో బెలూన్లు వదిలే పద్ధతిలో మనకు సాయంత్రం వచ్చే వేళ అది. బెలూన్ సెకనుకు సుమారు 5 మీటర్లు, అంటే నిమిషానికి 300 మీటర్ల చొప్పున ఎక్కుతుంది. పైకి పోయేకొద్దీ బయటి పీడనం తగ్గి అది అనేక మీటర్ల వ్యాసానికి ఉబ్బుతుంది. కింద ఉన్న చిన్న తెల్లని డబ్బా ఉష్ణోగ్రతను, తేమను, జీపీఎస్ ద్వారా తన స్థానాన్ని రేడియోలో పంపుతూ ఉంటుంది.

అక్కడ తెలిసినవారి ద్వారా ఆ సాయంత్రపు ఆరోహణ సమాచారం అడిగి తెచ్చుకున్నాను. దాన్ని సాక్షుల మాటతో పోల్చడమే ఈ కేసులో నాకు ఎక్కువ తృప్తినిచ్చిన పని కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

5:30కి బయలుదేరిన బెలూన్ 6:30కి సుమారు 18 కిలోమీటర్ల ఎత్తుకు చేరాలి. ఆ రోజు 16 కిలోమీటర్ల వరకు గాలి పడమర నుంచి తూర్పుకు వీస్తోంది. ఆ గంటలో బెలూన్ గాదంకి నుంచి తూర్పుకు 30 కిలోమీటర్లు కొట్టుకుపోయింది. మూడు గీతలు కలిసిన చోటు అదే. 18 కిలోమీటర్లు దాటాక గాలి దిశ మారి తూర్పు నుంచి పడమరకు వీస్తోంది. అంటే బెలూన్ ఎక్కుతూ ఎక్కుతూ ఒక గాలిపొర నుంచి దానికి ఎదురు దిశలో వీచే మరో పొరలోకి ప్రవేశించింది. ఉపాధ్యాయుడు చూసిన ఆగడం, తిరగడం అదే. గాలివాటానికి పోయే బెలూన్ ఒకే వైపు పోవాలన్న ఆయన తర్కంలో లోపం లేదు, గాలి అన్ని ఎత్తుల్లోనూ ఒకే వైపు వీస్తుందని అనుకోవడంలోనే ఉంది.

పాకాల రైతు కదల్లేదన్నది కూడా నిజమే. బెలూన్ ఆయనకు నేరుగా దూరంగా పోతూ అదే సమయంలో పైకి లేస్తోంది. దూరం పెరిగే తీరు, ఎత్తు పెరిగే తీరు దాదాపు సమానంగా సాగడంతో దిగంతం నుంచి కోణం 26, 29 డిగ్రీల మధ్యనే ఉండిపోయింది. చూసేవాడికి అది మేకు కొట్టినట్లు నిలిచి ఉంటుంది. పుత్తూరు యువకుడి వైపుకు అది దగ్గరవుతూ ఎక్కుతోంది కాబట్టి ఆయనకు పైపైకి లేచినట్లే కనిపించాలి.

ఇక ఎర్రబడి ఆరిపోవడం. ఆ రోజు తిరుపతిలో సూర్యాస్తమయం 6:22 ప్రాంతంలో. నేల మీద పొద్దు గూకినా 20 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న వస్తువుకు దిగంతం సుమారు నాలుగున్నర డిగ్రీలు కిందికి ఉంటుంది. అక్కడ ఇంకో పావుగంటకు పైగా ఎండ తగులుతూనే ఉంటుంది. కింద చీకటి ముసురుతుండగా పైన తెల్లగా మెరవడానికి కారణం అదే. లెక్క ప్రకారం 6:40 అటూఇటుగా భూమి నీడ బెలూన్‌ను అందుకోవాలి. నీడ అంచున దాన్ని తాకేది వాతావరణంలో చాలా దూరం ప్రయాణించి వచ్చిన అస్తమయపు కాంతి, అందుకే ఎర్రబడుతుంది, తర్వాత ఆరిపోతుంది. 6:31కి మొదలైన వీడియోలో చుక్క ఎనిమిది నిమిషాల తర్వాత నారింజ రంగుకు తిరుగుతుంది. బెలూన్ పగిలి ఉంటే తెల్లగా ఉండగానే ఒక్కసారిగా మాయమయ్యేది. రంగు మారడం ఈ కేసులో వేలిముద్ర లాంటిది.

రాడార్‌లో ఎందుకు కనపడలేదు

పోలీసు అధికారి అడిగిన ప్రశ్నల్లో ఇది నా పాత వృత్తికి సంబంధించినది. రాడార్‌కు కనపడలేదంటే అక్కడ ఏమీ లేదని అర్థం కాదు, అదేదో రహస్య పదార్థంతో చేసిందనీ అర్థం కాదు. పల్చని రబ్బరు బెలూన్ నుంచి తిరిగి వచ్చే ప్రతిధ్వని అత్యల్పం, కింద వేలాడే డబ్బా అరచేతి పాటిది. అంతకుమించి, కొండలు, మబ్బులు, పక్షులు తెరను నింపేయకుండా నెమ్మదిగా కదిలే వాటిని వడకట్టి తీసేయడం రాడార్ పనిలో భాగం. 2023 ఫిబ్రవరి 4న అమెరికా తన ఆకాశంలోకి వచ్చిన చైనా బెలూన్‌ను కూల్చాక, అమెరికా, కెనడాల ఉమ్మడి వాయు రక్షణ సంస్థ నోరాడ్ ఆ వడపోతను సడలించింది. దానితో అంతకుముందు తెర మీదికే రాని చిన్న, నెమ్మది వస్తువులు కనిపించాయి. ఫిబ్రవరి 10, 11, 12 తేదీల్లో మూడింటిని క్షిపణులతో కూల్చారు. అవి బహుశా ప్రైవేటు సంస్థలవో, పరిశోధనకు వదిలినవో అయి ఉంటాయని తర్వాత అప్పటి అధ్యక్షుడు బైడెన్ చెప్పారు. ఆకాశం ఆ వారంలో మారలేదు, తెర అమరిక మారింది.

మన దగ్గర 2023 నవంబరు 19న ఇంఫాల్ విమానాశ్రయం దగ్గర గుర్తు తెలియని వస్తువు కంటికి కనిపించిందన్న సమాచారంతో విమానాల రాకపోకలు కొన్ని గంటలు ఆపేశారు. రఫేల్ విమానాలు వెళ్లి గాలించాయి, అప్పటికి ఏమీ దొరకలేదు. విచారణ ఆలస్యమైతే వస్తువు ఉండదు, వేచి చూస్తే ప్రమాదం తప్పుతుందన్న నమ్మకం ఉండదు. నిర్ణయం తీసుకున్నవారిని తప్పుపట్టడం నాకిష్టం లేదు. 2022 డిసెంబరులో తెలంగాణలోని వికారాబాద్ జిల్లా పొలాల్లో పెద్ద గుండ్రని కాప్స్యూల్ దిగినప్పుడు మాత్రం అది తప్పించగలిగిన గందరగోళమే. హైదరాబాద్‌లోని టాటా మౌలిక పరిశోధన సంస్థ (టీఐఎఫ్‌ఆర్) బెలూన్ కేంద్రం నుంచి స్పెయిన్ సంస్థ ఒకటి చేసిన అనుమతి పొందిన పరీక్ష అది. వదిలినవారికి అంతా తెలుసు, పొలంలో ఉన్నవారికి ఏమీ తెలియదు.

కేసును ముగించిన తీరు

ఫ్రాన్స్‌లో 1977 నుంచి ఈ పని చేస్తున్నది సైన్యం కాదు, అంతరిక్ష సంస్థలోని ఒక విభాగం. ఇప్పుడు దాని పేరు గైపాన్. వారి వర్గీకరణ నాకు నచ్చుతుంది: ఎ అంటే గుర్తించినది, బి అంటే బహుశా గుర్తించినది, సి అంటే సమాచారం చాలనిది, డి అంటే సమాచారం ఉండీ అంతుచిక్కనిది. సి, డి లను వేరుగా ఉంచడంలోనే అంతా ఉంది. 1969లో మూసేసిన బ్లూ బుక్ మొత్తం 12,618 నివేదికల్లో 701 గుర్తించనివిగా మిగిలాయన్న అంకెను ఇరుపక్షాలూ వాడుకుంటాయి. 2021 జూన్‌లో అమెరికా నిఘా విభాగం ఇచ్చిన నివేదికలో 144 ఘటనలకు ఒక్కదాన్నే, గాలి తగ్గుతున్న పెద్ద బెలూన్‌గా, గట్టిగా గుర్తించారు. మిగిలిన 143 అద్భుతాలని కొందరు అన్నారు. చాలావాటిలో లేనిది సమాచారమే. 2024 మార్చిలో అమెరికా రక్షణ శాఖలో ఇలాంటి ఘటనలను విచారించే ‘ఏఏఆర్‌ఓ’ అనే కార్యాలయం పాత ప్రభుత్వ విచారణలన్నీ పరిశీలించి, గ్రహాంతర సాంకేతికతకు ఆధారం దొరకలేదని రాసింది. ఆధారం దొరకలేదన్న ఆ జాగ్రత్త వాక్యాన్ని నేను గౌరవిస్తాను.

మా ఫైలులో సంధ్యవేళ వెలుగును ఎ వర్గంలో పెట్టాను, ఎందుకంటే జీపీఎస్ దారి, సాక్షుల దిక్కులు, వీడియో సమయం మూడూ స్వతంత్రంగా ఒకచోటికి వచ్చాయి. పుత్తూరు నివేదికలోని రెండో సగం, శుక్రుడు, అదీ ఎ. పాకాల వైపు నుంచి వచ్చిన మరో వీడియోలో రాత్రి ఆకాశంలోకి నిలువుగా పచ్చని గీత కనిపిస్తుంది. అది గాదంకి ప్రయోగశాలలో కాంతితో వాతావరణాన్ని పరిశీలించే పరికరం, లైడార్, వదిలే 532 నానోమీటర్ల లేజర్ కిరణం, చుట్టుపక్కల పెద్దలకు పాత పరిచయమే.

పోలీసు అధికారికి ఒక పేజీ నోటు ఇచ్చాను. అందులో గాదంకి బెలూన్ వేళను, ఆ బెలూన్ సాధారణంగా ఏ నెలలో ఎటు కొట్టుకుపోతుందో రాశాను: వేసవికి ముందు తూర్పుకు, వానాకాలంలో ఎక్కువగా పడమరకు. పొలాల్లో తెల్లని డబ్బా, దారం, చిరిగిన రబ్బరు దొరికితే భయపడనక్కరలేదని కూడా చేర్చాను. ముగ్గురు సాక్షులకు పటం, గీతలు చూపించి వచ్చాను. ఉపాధ్యాయుడు గాలి దిశ మారిన ఎత్తును తన డైరీలో రాసుకున్నారు. పాల రైతు, మరి రోజూ వదిలేటట్లయితే ఇన్నాళ్లూ తనకెందుకు కనపడలేదని అడిగారు. మబ్బు, గాలి, ఎండ కోణం అన్నీ కుదిరిన రోజే కనిపిస్తుందని చెప్పాను. సగం ఒప్పుకున్నట్లు తలాడించారు.

ఒకటి మిగిలిపోయింది. నగరి వైపు నుంచి ఒకరు, అదే రాత్రి తొమ్మిది ప్రాంతంలో నారింజ రంగు వెలుగు చప్పుడు లేకుండా దక్షిణానికి దాటిపోయిందని ఫోన్‌లో చెప్పారు. ఎంతసేపు కనిపించిందో గుర్తులేదు, ఎత్తు చూపించడానికి కలవడానికి ఇష్టపడలేదు, వీడియో తీసిన స్నేహితుడు ఫోన్ మార్చేశాడట. విమానం కావచ్చు, ఎవరో పెళ్లిలో వదిలిన కాగితపు దీపం కావచ్చు. ఏదని రాయడానికీ నా దగ్గర కొలత లేదు. సి వర్గంలో పెట్టి, ఫోన్ నంబరు పక్కన తేదీ వేసి ఉంచాను.